బిళ్ల సరే, బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద, అంగస్తంభన సమస్య మీద ఉన్నాయి, అదీ ఓపీలో నా ఎదురుగా కూర్చున్నప్పుడు మగవాళ్లు నోట్లోనే మింగేసే సంగతి. గ్యాస్ అంటారు, నీరసం అంటారు, నడుం నొప్పి అంటారు, చీటీ రాయించుకుని లేచి తలుపు దాకా వెళ్తారు, గడియ మీద చెయ్యి పెట్టి, బయట బెంచీ మీద ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారేమో ఓసారి తొంగి చూసి, అప్పుడు వెనక్కి తిరిగి అడుగుతారు. ఉత్తరంలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి సూటిగా రాశారు, నేనూ సూటిగానే చెప్తాను. పేర్లు వేయొద్దని అందరూ కోరారు, వేయడం లేదు. ఉత్తరాలు మాత్రం కుదించాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గాజువాకలో ఉంటాం, షిఫ్ట్ డ్యూటీలు. ఏడాదిన్నరగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు, వచ్చినా మధ్యలో తగ్గిపోతోంది. మెడికల్ షాపులో అడిగితే ఒక బిళ్ల ఇచ్చాడు, వేసుకుంటే బాగానే ఉంది. మా ఫ్రెండ్ ఒకడు 'ఇది గుండెకి ముందు సూచనరా, చెకప్ చేయించుకో' అని భయపెడుతున్నాడు. నాకు గుండెలో నొప్పి గానీ ఆయాసం గానీ లేవు. మా నాన్నగారు మాత్రం 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. బిళ్ల పనిచేస్తున్నప్పుడు చెకప్ ఎందుకు?

జవాబు: ముందు మీ ఫ్రెండ్‌కి ఓ టీ ఇప్పించండి, సరైన మాటే చెప్పాడు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది స్తంభన గురించి రాసిన ముక్క కాదు, నాన్నగారి గురించి చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఆ ఒక్క వాక్యం. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు గుండె జబ్బు వచ్చిందంటే అది మా లెక్కలో పెద్ద విషయం. దానికి మీ వయసు, మీ నైట్ షిఫ్టులు, ఈ ఏడాదిన్నర ఇబ్బంది కలిపి చూస్తే, గుండెలో నొప్పి వచ్చేదాకా ఆగుదాం అనుకోవాల్సిన మనిషి కాదు మీరు.

స్తంభన అంటే చాలావరకు రక్తం సంగతే. కోరిక కలగగానే నరాల నుంచి కబురు వెళ్తుంది, అక్కడి రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని వదులుతుంది, దాంతో నాళాల గోడల్లోని కండరం సడలి రక్తం జోరుగా లోపలికి వస్తుంది, అలా ఉబ్బిన కణజాలం బయటికి వెళ్లే సిరల్ని నొక్కిపెట్టి ఆ రక్తాన్ని అక్కడే ఆపుతుంది. ఈ వాయువు రక్తనాళాల్లో ఏం చేస్తుందో కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి 1998లో నోబెల్ వచ్చింది. ఇదే లోపలి పొర, ఇదే వాయువు గుండె రక్తనాళాల్లో కూడా ఉన్నాయి. హై బీపీ, షుగర్, పొగాకు, చెడు కొలెస్టరాల్ ముందుగా దెబ్బకొట్టేది ఆ పొరనే. పొర పాడైతే వాయువు తగ్గుతుంది, నాళం సరిగా సడలదు, గోడలో మెల్లగా కొవ్వు పేరుకుంటుంది.

మరి ముందు అక్కడే ఎందుకు తెలుస్తుంది? సైజు వల్ల. అంగానికి వెళ్లే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు 3 నుంచి 4. జబ్బు ఒంట్లో అన్ని నాళాల్లోనూ కలిసే మొదలైనా, సన్నగా ఉన్నచోట ముందు బయటపడుతుంది. వెడల్పుగా ఉన్నది సగానికి పైగా పూడుకుపోయేదాకా కిక్కురుమనదు. ఇటలీలో యాంజియోగ్రామ్‌తో గుండె జబ్బు ఖాయమైన 300 మంది మగవాళ్లని అడిగి చూశారు, 2003లో అచ్చయింది ఆ అధ్యయనం. దాదాపు సగం మందికి స్తంభన సమస్య ఉంది, ఆ సగంలో మూడింట రెండు వంతుల మందికి గుండె లక్షణాల కంటే అదే ముందు మొదలైంది, సగటున మూడేళ్లకి పైగా ముందు. అంటే మీకు మూడేళ్లే ఉన్నాయని లెక్కపెట్టుకోమని కాదు నా ఉద్దేశం, ఈ మధ్యలో చేసుకోగలిగిన పని చాలా ఉందని.

ఇది చదివి గుండె పట్టుకుని కూర్చోకండి కూడా. సమస్య ఉన్న ప్రతివాళ్లకీ గుండెపోటు రాదు, చాలామందికి రాదు. ఎన్నో అధ్యయనాల్ని కలిపి లెక్కవేస్తే, స్తంభన సమస్య ఉన్నవాళ్లకి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు ఒకటిన్నర రెట్లు. డెబ్భై దాటినాయన ఇదే మాట చెప్తే నేను అంత కంగారు పడను, నలభైల్లో ఉన్నాయన చెప్తే మాత్రం బీపీ మిషన్ కోసం చూస్తాను. ఇంగ్లండులో డాక్టర్లు గుండె ముప్పు లెక్కగట్టే క్యూరిస్క్ అనే పద్ధతిలో 2017 నుంచి ఈ సమస్యని కూడా ఒక అంశంగా చేర్చారు. పైగా మన సంగతి వేరు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి వచ్చింది, మిగతా దేశాలవాళ్లకి దాదాపు 59కి. మీరు 46లో ఉన్నారు.

ఇక మీ బిళ్ల. అది సిల్డెనాఫిల్ అయినా కావాలి, టాడలాఫిల్ అయినా కావాలి. ఏదో మీకు తెలిసి ఉండదు, ఎందుకంటే షాపులో స్ట్రిప్‌లోంచి కత్తెరతో రెండు కత్తిరించి చిన్న కాగితం పొట్లంలో చుట్టి చేతిలో పెడతారు, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ ఎప్పుడు అని ఉన్న ముక్క షాపు డ్రాయర్‌లోనే ఉండిపోతుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. మందు చెడ్డదని కాదు, మంచి మందే, నేనూ రాస్తాను. అసలు సిల్డెనాఫిల్‌ని ఫైజర్ కంపెనీ మొదట ప్రయత్నించింది గుండె నొప్పికే, గుండెకి అనుకున్నంత పని చేయలేదు గానీ ట్రయల్‌లో ఉన్న మగవాళ్లు ఇంకో ఫలితం చెప్పారు, ఆ దారి పట్టుకుని వెళ్లి 1998 మార్చిలో అమెరికాలో స్తంభన మందుగా అనుమతి తెచ్చుకున్నారు. కాకపోతే అది చేసేదల్లా ఒంట్లో ఉన్న కొద్దిపాటి నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావం తొందరగా పోకుండా చూడటం. పాడైన పొరని బాగుచేయదు. పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం దిగింది కదా అని డెంగీ టెస్ట్ మానేసినట్టుంటుంది, బిళ్ల పనిచేసింది కదా అని చెకప్ మానేస్తే.

ఏమేం చేయించుకోవాలి అంటే, పెద్ద ప్యాకేజీలేమీ అక్కర్లేదు. బీపీ, అది కూడా మెట్లెక్కి వచ్చిన వెంటనే కాదు, ఐదు నిమిషాలు కూర్చున్నాక. పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్ చెప్పే లిపిడ్ ప్రొఫైల్, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఒక ఈసీజీ. పొద్దున పూట తీసిన రక్తంలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఒకసారి, తక్కువొస్తే ఇంకోరోజు మళ్లీ. మీకు మాత్రం ఒక మాట, నైట్ షిఫ్ట్ దిగి డ్యూటీ బట్టలతోనే ల్యాబ్‌కి పోయి ఆ రక్తం ఇవ్వకండి, నిద్ర లేని రాత్రి తర్వాత ఆ నంబర్‌ని నమ్మలేం. అన్నిటికంటే చవకైన పరీక్ష దర్జీ టేపు. ప్యాంటు సైజు చెప్పకండి, అది పొట్ట కిందకి దిగిపోయి ఉంటుంది. చొక్కా పైకెత్తి, పొట్ట బిగబట్టకుండా బొడ్డు దగ్గర కొలవండి, మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ చుట్టుకొలత, బీపీ 130/85 లేదా పైన, పరగడుపు షుగర్ 100 లేదా పైన, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా పైన, మంచి కొలెస్టరాల్ 40 లోపు, ఈ ఐదింటిలో ఏ మూడున్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. పొట్ట ఒక్కటే కదా, షుగర్ బోర్డర్‌లోనే కదా, అని విడివిడిగా చూసి వదిలేస్తారు, రక్తనాళం మాత్రం అన్నిటినీ కలిపే భరిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్లు 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంటే, ఆ బోర్డర్‌లో ఉన్నవాళ్లే 13 కోట్లకి పైగా.

ఈసీజీ నార్మల్ వచ్చిందని జేబులో పెట్టుకుని తిరగకండి. కదలకుండా పడుకుని తీసిన ఈసీజీ, లోపల బ్లాకులు ఉన్నా నార్మల్‌గా రావచ్చు. మిగతా రిపోర్టులు చూశాక, మీ నాన్నగారి చరిత్రని బట్టి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అనేది కార్డియాలజిస్ట్ చెప్తారు. డబ్బు ఇబ్బందయితే వైజాగ్ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ ఉంది, అంతకంటే ముందు బీపీ, షుగర్ మీ వార్డులో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు.

ఇంకో సంగతి, ఇది మందు కంటే నాకు ఇష్టమైన భాగం. ఇటలీలోనే, స్థూలకాయం ఉన్న 110 మంది మగవాళ్లని, 35 నుంచి 55 మధ్య వయసువాళ్లని, అందరికీ స్తంభన సమస్య ఉన్నవాళ్లని తీసుకుని సగం మందికి ఏం తినాలో, ఎంత నడవాలో వెంటపడి మరీ చెప్పారు, మిగతా సగానికి మామూలు సలహా ఇచ్చి వదిలేశారు. రెండేళ్లయ్యాక వెంటపడ్డ 55 మందిలో 17 మందికి మళ్లీ మామూలు స్థితి వచ్చింది, రెండో గుంపులో ముగ్గురికి. 2004లో వచ్చింది ఈ ఫలితం. మూడింట ఒక వంతే కదా అంటారేమో, అది ఏ బిళ్లా లేకుండా వచ్చింది, పైగా అదే నడక గుండెకీ పనికొస్తుంది. వారానికి నాలుగు రోజులు, నలభై నిమిషాలు, మాట్లాడుతూ నడవగలగాలి గానీ పాట పాడలేనంత వేగంగా, ఆరు నెలలు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీదకి వాహనాల్ని రానివ్వకుండా నడిచేవాళ్లకి వదిలేస్తారు, వాడుకోండి. నడక అయ్యాక అక్కడే బండి దగ్గర నాలుగు ప్లేట్ల పునుగులు తినే బ్యాచ్ ఒకటుంటుంది, దాంట్లో చేరకండి.

తిండి గురించి పేరు కూడా పలకలేని ఎక్కడివో పండ్లు చెప్పను. అన్నం సగానికి తగ్గించి కూర పెంచండి. చోడి (రాగి) అంబలి మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. కానాగంతలు, కవళ్లు లాంటి చవక చేపల్లో గుండెకి మంచిదనే ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది, వంజరమే కావాలని లేదు, వేపుడు మాని పులుసు పెట్టించండి. ఎండు చేప, ఆవకాయ రోజూ వద్దు, ఉప్పు బీపీని ఎక్కడికో తీసుకుపోతుంది. సిగరెట్, చుట్ట, ఖైనీ, మీరు ఏది వాడతారో రాయలేదు, వాడితే మానేయాలి, ఇందులో బేరం లేదు. రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందేమో ఇంట్లోవాళ్లని అడగండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి బీపీతోనూ స్తంభనతోనూ సంబంధం ఉంది, షిఫ్ట్ డ్యూటీవాళ్లు పగటి నిద్రమత్తుని డ్యూటీ మీదకి తోసేస్తారు కాబట్టి అది బయటపడదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఎంవీపీ కాలనీ. మా వారికి 54, నాకు 49. ఆయనకి షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. రెండేళ్లుగా నాకు దూరంగా ఉంటున్నారు, ఏసీ పడటం లేదని హాల్లో పడుకుంటున్నారు. మొదట నా మీద ఇష్టం పోయిందనుకున్నాను, ఇంకెవరైనా ఉన్నారేమో అని కూడా అనుకున్నాను. ఓసారి అడిగితే అరిచారు. ఈ మధ్య రైతు బజారు నుంచి సంచీ మోసుకొచ్చి మెట్లెక్కితే చెమటలు పట్టి కూర్చుండిపోతున్నారు. డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో తొందరపడాల్సింది చివరి వాక్యానికి. మెట్లెక్కితే చెమటలు, కూర్చుండిపోవడం, ఇవి షుగర్ ఉన్న మనిషిలో గుండె లక్షణాలు కావచ్చు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే నరాలు మొద్దుబారతాయి, అందరికీ వచ్చినట్టు గుండెల్లో నొప్పి రాకపోవచ్చు, ఆయాసమో చెమటో నీరసమో మాత్రమే రావచ్చు. ఇది వచ్చే నెల పని కాదు, ఈ వారమే గుండె డాక్టర్‌కి చూపించండి. ఊరికే కూర్చున్నప్పుడు అలా చెమటలు పట్టి పది నిమిషాలకి కూడా తగ్గకపోతే వారం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

దూరంగా పడుకోవడం గురించి. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, కానీ షుగర్ ఉన్న మగవాళ్లలో స్తంభన సమస్య మిగతావాళ్ల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ, పదేళ్లు ముందుగా కూడా వస్తుంది, ఎందుకంటే షుగర్ అటు రక్తనాళాన్నీ ఇటు నరాన్నీ రెండింటినీ కొడుతుంది. మన మగవాళ్లు అలాంటప్పుడు చేసే పని ఒకటే, ప్రయత్నించి ఓడిపోవడం కంటే అసలు ఆ గదిలోకే రాకపోవడం. ఏసీ పడటం లేదంటారు, టీవీలో మ్యాచ్ ఉందంటారు. అరిచారంటే సిగ్గుతో అరిచి ఉండొచ్చు. మీరు రెండేళ్లు మనసులో అంత పెట్టుకుని తిరిగారు, పాపం అది కూడా తక్కువ బరువు కాదు.

'మీ ఆ సమస్య గురించి వెళ్దాం' అంటే ఆయన రారు. షుగర్ చెకప్ అని తీసుకెళ్లండి, అది అబద్ధం కూడా కాదు. పన్నెండేళ్ల షుగర్‌కి ఏడాదికోసారి కంటి పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్, గుండె పరీక్ష ఎలాగూ ఉండాలి. నంబర్ వచ్చాక మీరు లోపలికి ఆయనతో పాటు వెళ్లి, మెట్ల సంగతి మీరే చెప్పండి, ఆయన చెప్పరు. తర్వాత మందుల చీటీ వంకతో బయటికి వచ్చేసి ఓ ఐదు నిమిషాలు ఆయన్ని డాక్టర్‌తో ఒంటరిగా వదిలేయండి. వీలైతే ముందే ఒక చిన్న కాగితం మీద విషయం రాసి నర్సుకి ఇవ్వండి, డాక్టరే అడుగుతారు. డాక్టర్ అడిగితే చాలామంది చెప్పేస్తారు, ఎవరైనా అడుగుతారా అనే చూస్తూ ఉంటారు.

గుండె సంగతి తేలాక దీనికీ దారులున్నాయి. షుగర్ అదుపు, బిళ్లలు, బిళ్ల పనిచేయకపోతే ఇంజెక్షన్, వాక్యూమ్ పంపు, చివరికి ఆపరేషన్‌తో పెట్టే ఇంప్లాంట్ కూడా ఉంది. పొట్ట, షుగర్ ఉన్నవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం మామూలే, అది కూడా చూస్తారు. ఈలోగా హాల్లోంచి గదిలోకి రమ్మనండి, ఏసీ ఆపేసి ఫ్యాన్ వేయండి. పక్కపక్కన పడుకోవడానికి ఏ మందూ అక్కర్లేదు.

ప్రశ్న: వయసు 61, మద్దిలపాలెం. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి నాలుగు నెలలయింది. డిశ్చార్జ్ అప్పుడు ఉప్పు గురించి, నడక గురించి చెప్పారు గానీ దాంపత్యం గురించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. కలవొచ్చా? గుండెపోటుకి ముందు నుంచే స్తంభన కొంచెం తక్కువ. బిళ్ల వాడొచ్చా? జేబులో సార్బిట్రేట్ ఎప్పుడూ ఉంటుంది.

జవాబు: ఆఖరి వాక్యం రాసి మంచి పని చేశారు సార్, జవాబు మొత్తం దాని మీదే ఉంది.

గుండె నొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ గానీ, మోనోట్రేట్, నైట్రోగ్లిజరిన్ లాంటి ఏ నైట్రేట్ మందు గానీ వాడుతున్నవాళ్లు సిల్డెనాఫిల్, టాడలాఫిల్ జోలికి పోకూడదు. రెండూ రక్తనాళాల్ని ఒకే దారిలో సడలిస్తాయి, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. గుండె నొప్పికి మన దగ్గర బాగా రాసే నికోరాండిల్‌కి కూడా ఇదే మాట. ఎవరైనా బిళ్ల వేసుకున్న తర్వాత గుండె నొప్పి వస్తే, సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోకూడదు. 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్లకి 'ఫలానా బిళ్ల ఇన్ని గంటలకి వేసుకున్నాను' అని చెప్పాలి. కొడుకు ఎదురుగా ఉన్నా, కోడలు ఎదురుగా ఉన్నా చెప్పాలి. చెప్పకపోతే అంబులెన్స్‌లోనే నైట్రేట్ ఇచ్చేస్తారు, వాళ్ల తప్పేమీ ఉండదు. మొదటి ఉత్తరంలో పేరు లేని పొట్లం బిళ్ల మీద అంత చిరాకు పడ్డానే, ఇందుకే.

కానీ మీకు సార్బిట్రేట్ ఇంకా అవసరమా అనేది వేరే ప్రశ్న. స్టెంట్ వేశాక నొప్పే రానివాళ్లకి చాలాసార్లు అది 'ఎందుకైనా మంచిది' అని ఇచ్చినది అయి ఉంటుంది. మీ కార్డియాలజిస్ట్‌ని అడిగి, ఆయన నైట్రేట్ పూర్తిగా తీసేసి, గుండె పంపింగ్ చూసి సరేనంటే అప్పుడు బిళ్ల గురించి మాట్లాడొచ్చు. మీ అంతట మీరు మాత్రం జేబులోంచి తీసేయకండి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ లాంటిది వాడుతుంటే అది కూడా చెప్పండి, దానితో కలిసినా బీపీ పడుతుంది, మోతాదు చూసి ఇవ్వాలి.

కలవొచ్చా అంటే, స్టెంట్ తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవాళ్లకి నాలుగు నెలలు బాగా సరిపోయే సమయం. గుండెకి పడే శ్రమ లెక్కలో దాంపత్యం అంటే ఓ మోస్తరు వేగంగా నడవడం, రెండు అంతస్తులు మెట్లెక్కడం లాంటిది. గుండె, లైంగిక ఆరోగ్యం మీద ప్రిన్స్‌టన్ పేరుతో 1999 నుంచి నిపుణులు కూర్చుని ఇస్తున్న సూచనలు కూడా ఈ శ్రమ లెక్క చుట్టూనే తిరుగుతాయి. రెండంతస్తులు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే చాలావరకు భయం లేదు, అనుమానమైతే ట్రెడ్‌మిల్ మీద చూస్తారు. సింహాచలం మెట్లు ఎక్కి చూసి రాయకండి, అంత అక్కర్లేదు. బాగా తిన్న వెంటనే, మద్యం తాగి, వద్దు. మీ ఆవిడ కూడా భయపడుతూ ఉంటారు, ఆ మాట డాక్టర్ దగ్గర ఇద్దరూ కూర్చుని వింటే ఆమెకీ ధైర్యం వస్తుంది.

ప్రశ్న: సర్, 28 ఏళ్లు, మధురవాడ, సాఫ్ట్‌వేర్. పెళ్లయి మూడు నెలలు. రెండు మూడుసార్లు ఫెయిల్ అయ్యాను. పొద్దున లేచేసరికి మాత్రం నార్మల్‌గానే ఉంటుంది. నెట్‌లో చూస్తే గుండె జబ్బు అని వస్తోంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: బాబూ, పొద్దున నార్మల్‌గా ఉందంటే నరాలు, రక్తనాళాలు పనిచేస్తున్నట్టే. నీది చాలావరకు టెన్షన్. మొదటిసారి తడబడ్డావు, రెండోసారి దాన్నే తలచుకుంటూ వెళ్లావు, టెన్షన్‌లో ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది, మూడోసారీ అంతే. కొన్నాళ్లు 'ఈరోజు ఎలాగైనా' అనే పట్టుదల పక్కన పెట్టి ఇద్దరూ కబుర్లు చెప్పుకోండి, బీచ్‌కి వెళ్లండి, నీ భార్యకి విషయం చెప్పు. బీపీ, షుగర్, పొట్ట చుట్టు ఒకసారి చూపించుకో, ఈ రోజుల్లో ముప్పై లోపే బోర్డర్‌లో కనిపిస్తున్నారు, రిపోర్ట్ బాగుంటే ఆ భయమైనా పోతుంది. సిగరెట్ ఉంటే ఇప్పుడే ఆపేయ్. రెండు మూడు నెలలకీ తగ్గకపోయినా, పొద్దున వచ్చేది కూడా తగ్గినా అప్పుడు డాక్టర్‌ని కలువు. రాత్రి రెండింటికి నెట్‌లో లక్షణాలు వెతకడం మానేయ్, దానికి మందు లేదు.

ప్రశ్న: 53 ఏళ్లు, భీమిలి. బీపీ బిళ్ల వల్లే మగతనం తగ్గిందని మా ఆర్‌ఎంపీ చెప్పాడు. నెల నుంచి ఆపేశాను. మంచిదేనా?

జవాబు: కాదు. ఇవాళే బీపీ చూపించుకోండి. కొన్ని బీపీ మందులు, ముఖ్యంగా అటెనలాల్ లాంటి పాత బీటా బ్లాకర్లు, మూత్రం ఎక్కువగా పోయించే థయజైడ్లు, కొందరిలో స్తంభనని తగ్గిస్తాయి, ఆ మాట నిజం. టెల్మిసార్టాన్ రకం, ఆమ్లోడిపిన్ అంతగా ఇబ్బంది పెట్టవు. కాబట్టి మార్చమని అడగాలి గానీ ఆపకూడదు. అసలు ఎక్కువమందిలో నాళాల్ని పాడుచేసింది బిళ్ల కాదు, బిళ్ల మొదలుపెట్టక ముందు ఏళ్లపాటు ఎవరూ చూడని బీపీ. ఇందులో భయం పాత్ర కూడా ఉంది. అటెనలాల్ ఇచ్చిన 96 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. ఏ మందో తెలియని గుంపులో 3 శాతం మంది స్తంభన తగ్గిందన్నారు, మందు పేరుతో పాటు 'దీనివల్ల స్తంభన తగ్గొచ్చు' అని ముందే చెప్పిన గుంపులో 31 శాతం. మీ ఆర్‌ఎంపీ ఏ గుంపులోకి తోశాడో చూసుకోండి. కొలెస్టరాల్ బిళ్లల మీద కూడా ఇలాంటి పుకారే ఉంది, వాటివల్ల స్తంభన పాడైందనడానికి ఆధారం లేదు.

ప్రశ్న: పెందుర్తి నుంచి రాస్తున్నాను, 58 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఫోన్‌లో ప్రకటన చూసి 'నరాల బలానికి, అంతా మూలికలే' అన్న క్యాప్సూల్స్ తెప్పించాను. ముప్పావు గంటలో పనిచేస్తోంది, తలనొప్పి, ముఖం ఎర్రబడటం మాత్రం ఉంది. మూలికలే కదా, వాడుతూ ఉండొచ్చా?

జవాబు: ఏ మూలికా ముప్పావు గంటలో పనిచేయదు సార్. ముప్పావు గంట, తలనొప్పి, ముఖం ఎర్రబడటం, మూడూ సిల్డెనాఫిల్ గుర్తులు. మూలికలని చెప్పి అమ్మే ఇలాంటి క్యాప్సూల్స్‌లో ఆ మందు కలిపి ఉందని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. ఎంత కలిపారో డబ్బా మీద ఉండదు, ఒక క్యాప్సూల్‌లో ఉన్నంతే ఇంకోదాంట్లో ఉంటుందని కూడా లేదు. రేపు మీకు గుండె నొప్పి వస్తే 'సార్, నేను మూలికలే వాడుతున్నాను' అంటారు, డాక్టర్ నమ్మి నైట్రేట్ ఇస్తాడు, పైన మద్దిలపాలెం ఆయనకి రాసిందంతా మీకు జరుగుతుంది. ఆపేయండి. షుగర్ రిపోర్టులు పట్టుకుని చెకప్‌కి వెళ్లండి, మీకు పనికొచ్చే మందైతే పేరున్నదే, తెలిసిన మోతాదులోనే, అంతకంటే చవకగా రాస్తారు. ఆ డబ్బా కూడా పారేయకుండా సంచీలో వేసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.